కక్ష్య తెలిసిన కెమెరాకి వెతుకులాట ఎందుకు? – ఆన్‌బోర్డ్ వీడియో కంప్రెషన్ ప్రాజెక్టు డైరీ

1వ వారం

వీడియోని కుదించే ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేములోనూ ఒకే ప్రశ్న వేలసార్లు వేసుకుంటుంది: ఈ ముక్క కిందటి ఫ్రేములో ఎక్కడుంది? కదిలింది మనిషా, కారా, కెమెరా పట్టుకున్న చెయ్యా అన్నది దానికి తెలీదు. అందుకని వెతుక్కుంటుంది. ఉపగ్రహం మీద పెట్టిన ఎన్‌కోడర్ కూడా అచ్చం అలాగే వెతుక్కుంటుంది. కానీ ఉపగ్రహానికి తను ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో తెలుసు. జవాబు పక్క బోర్డులోనే ఉంది, ఈ బోర్డు మాత్రం అడక్కుండా కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఈ రెండింటినీ కలిపితే ఏమాత్రం లాభమో చూద్దామని వారాంతాల పనిగా ఇది మొదలుపెట్టాను.

ముందు కాగితం మీద లెక్క. 500 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్య అనుకున్నా. అక్కడ వేగం సెకనుకు 7.61 కి.మీ., ఒక చుట్టుకి 94.6 నిమిషాలు. కెమెరా నిటారుగా కిందికి చూస్తుంటే నేల మీద దాని చూపు సెకనుకు 7.06 కి.మీ. జరుగుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీస్తే ఫ్రేముకి 235 మీటర్లు. ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్లయితే, ఫ్రేముకి 23.5 పిక్సెళ్లు.

ఈ 23.5 చూడగానే హుషారొచ్చింది. ఎక్స్264 ఎన్‌కోడర్‌లో మనమేమీ మార్చకపోతే మోషన్ వెతికే పరిధి 16 పిక్సెళ్లే. అంటే పాపం దానికి అందని దూరంలో జవాబు ఉందన్నమాట, నేను వెళ్లి అందిస్తానన్నమాట. (ఈ వాక్యం 5వ వారంలో నన్ను వెక్కిరిస్తుంది.)

వెతుకులాట ఖర్చు కూడా లెక్కేశా. 1280×720 ఫ్రేముని 16×16 బ్లాకులుగా కోస్తే 3,600 బ్లాకులు. ఒక్కో బ్లాకుకీ నాలుగు వైపులా 32 పిక్సెళ్ల దాకా ఒక్క చోటు కూడా వదలకుండా చూస్తే 65×65, అంటే 4,225 పోలికలు. ఫ్రేముకి కోటీ యాభై రెండు లక్షలు. జవాబు ముందే తెలిసి దాని చుట్టూ 2 పిక్సెళ్లు మాత్రమే తడిమి చూస్తే 25 పోలికలు, ఫ్రేముకి 90 వేలు. సూర్యకాంతి మీద బతికే యంత్రానికి ఇది చిన్న విషయం కాదు.

2వ వారం

వీడియో కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2014 నుంచి 2019 దాకా హెచ్‌డీఈవీ అని నాలుగు కెమెరాల ప్రయోగం నడిచింది. ఆ వీడియోలు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, నాకు మాత్రం పనికిరావు. అవి అప్పటికే ఒకసారి కంప్రెస్ అయి కిందికి దిగినవి. నలిగిన చొక్కాని మళ్లీ మడతపెట్టి మడత ఎంత బాగా కుదిరిందో కొలిచినట్టుంటుంది. పైగా ప్రతి ఫ్రేముకీ కెమెరా ఏ కోణంలో ఉందో చెప్పే లాగ్ నా దగ్గర లేదు.

కాబట్టి వీడియోని నేనే తయారుచేసుకోవాలి. సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన నేల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, 10 మీటర్ల పిక్సెల్, 12 బిట్ల లోతు. పెద్ద చిత్రాన్ని నేలలా పరిచి, దాని మీద ఊహా కెమెరాని ఎగరేస్తే ఫ్రేములు వస్తాయి. రెండో ప్రోగ్రాం ఎన్‌కోడర్. ఉన్నవాటి లోపలికి దూరి బయటి మోషన్ వెక్టర్లు (ఏ ముక్క ఎటు, ఎంత జరిగిందో చెప్పే అంకెలు) ఇవ్వడం తలనొప్పి అనిపించి, సీ లాంగ్వేజ్‌లో సొంతంగా చిన్నది రాసుకున్నా: 16×16 బ్లాకులు, 8×8 డీసీటీ (పిక్సెళ్లని కుదించడానికి వీలైన అంకెలుగా మార్చే లెక్క), పావు పిక్సెల్ దాకా మోషన్. అందం లేదు, పని చేస్తుంది.

3వ వారం

మొదటి రన్‌లో అంచనా ఒక మూలకి, నిజం ఇంకో మూలకి పోయాయి. ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో చెప్పే నాలుగు అంకెల క్వాటర్నియన్‌లో స్కేలార్ అనే అంకె ముందుండాలా వెనకుండాలా అన్న పాత గొడవే. అరగంటలో సర్దుకుంది.

రెండోది మాత్రం రెండు రోజులు తినేసింది. అంచనా వెక్టర్ చుట్టూ 2 పిక్సెళ్లు తడిమి చూస్తున్నా కదా, ఆ తడిమిన తర్వాత దొరికే దిద్దుబాటు ఎప్పుడూ ఒకే పక్కకి ఒరుగుతోంది. నిలువుగా సున్నా, అడ్డంగా దాదాపు ఒకటిన్నర. ముందు కెమెరాని నేను అడ్డంగా వంచి పెట్టానేమో అనుకుని అన్నీ చూశా. తర్వాత రోల్ కోణం (ఉపగ్రహం పక్కకి ఒరిగే కోణం). ఏదీ కాదు. విసుగొచ్చి 20 డిగ్రీల అక్షాంశం దగ్గరి చిత్రం తీసేసి 60 డిగ్రీల దగ్గరిది పెట్టి నడిపా. దిద్దుబాటు 1.46 నుంచి 0.78కి పడిపోయింది. దాదాపు సగం. 60 డిగ్రీల కొసైన్ సగం!

భూమి తిరగడం మర్చిపోయాను. భూమధ్యరేఖ దగ్గర నేల తూర్పుకి సెకనుకు 465 మీటర్లు పోతుంది. ఫ్రేముకి 15.5 మీటర్లు, అంటే ఒకటిన్నర పిక్సెల్. నా సిమ్యులేటర్ నేలకి అంటుకున్న అక్షాల్లో ఉంది, అంచనా వేసే ప్రోగ్రాం నక్షత్రాలకి అంటుకున్న అక్షాల్లో ఉంది. రెండూ నేను రాసినవే. ఉత్తర దక్షిణాలుగా తిరిగే కక్ష్యలో ఈ ఒరుగు కోణం భూమధ్యరేఖ దగ్గర 3.8 డిగ్రీల దాకా పోతుంది. ఉపగ్రహాన్ని ఆ మేరకు పక్కకి తిప్పి ఉంచితే కెమెరాలో కదలిక మళ్లీ నిటారుగా కనిపిస్తుంది. నేను తిప్పకుండా వెక్టర్‌లోనే కలిపేశా.

ఒకటి మాత్రం నచ్చింది. ఆ మిగులు వెక్టర్ల బొమ్మ గీసుకుంటే తప్పు దానంతటదే బయటపడుతుంది. అప్పట్నుంచీ ప్రతి రన్‌కీ ఆ బొమ్మ గీస్తున్నా.

4వ వారం

ఫలితాలు మరీ బాగున్నాయి. మరీ బాగున్నాయంటే ఎక్కడో మోసం ఉన్నట్టే.

ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూశా. ఒక ఊరి రోడ్ల గళ్లు ఒక ఫ్రేములో పదునుగా ఉన్నాయి. తర్వాతి ఫ్రేములో మసక. దాని తర్వాత మళ్లీ పదును. 23.5లోని ఆ అర పిక్సెల్ చేసిన పని ఇది. మూలచిత్రం పిక్సెల్ 10 మీటర్లు, నా ఊహా కెమెరా పిక్సెల్ కూడా 10 మీటర్లు. సరి ఫ్రేములు పిక్సెల్ మీద పిక్సెల్‌గా కూర్చుంటున్నాయి, బేసి ఫ్రేములు రెండు పిక్సెళ్ల మధ్య పడి ఇంటర్‌పొలేషన్‌లో (పక్క పిక్సెళ్ల నుంచి మధ్య విలువ లెక్కకట్టడంలో) అరిగిపోతున్నాయి. ఎన్‌కోడర్‌లో అర పిక్సెల్‌కి నేను వాడిన ఫిల్టరు కూడా అలాంటి అరుగుదలే ఇస్తుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి వంతపాడుతున్నాయి. అసలు కెమెరా ఇలా ఉండదు.

అందుకని కెమెరా పిక్సెల్‌ని 20 మీటర్లకి, వేగాన్ని సెకనుకు 15 ఫ్రేములకి మార్చా. ఒక్కో పిక్సెల్ ఇప్పుడు నాలుగు మూల పిక్సెళ్ల సగటు. ఫ్రేముకి 470 మీటర్లు, 20తో భాగిస్తే మళ్లీ అదే 23.5. లెక్కలన్నీ తిరగరాయక్కర్లేకుండా పోయింది.

రెండో మోసం నాయిస్ లేకపోవడం. నిజమైన సెన్సర్‌లో పిక్సెల్‌కి 10,000 ఎలక్ట్రాన్లు పోగైతే అందులో 100 అటూ ఇటూ ఊగడం కాంతి స్వభావమే. దాన్ని ఎంత మంచి మోషన్ వెక్టరూ అంచనా కట్టలేదు. నాయిస్ కలిపి నడిపితే నా లాభాలు సగానికి సగం కరిగిపోయాయి. క్వాలిటీ పెంచుతూ పోతే బిట్లలో ఎక్కువ భాగం ఆ నాయిస్‌ని మోయడానికే పోతోంది. ఆ రోజు డైరీలో ఒక్క ముక్క రాశా: "హమ్మయ్య, నిజమైన ఫలితం."

5వ వారం

కోడెక్‌ల మీద, అంటే వీడియోని కుదించి మళ్లీ విప్పే పద్ధతుల మీద, పనిచేసే మిత్రుడికి ఇదంతా ఫోన్లో చెప్పా. ఓపిగ్గా విని, "ఒరేయ్, ఎన్‌కోడర్‌కి నువ్విస్తున్న తాళంచెవి బానే ఉంది, కానీ వాడు కిటికీలోంచి ఎప్పుడో లోపలికి దూరాడురా" అన్నాడు.

నిజమే. 2003లో వచ్చిన హెచ్.264 వీడియో ప్రమాణంలోనే (ఎక్స్264 పాటించేది దీన్నే) బ్లాకు మోషన్ వెక్టర్‌ని మొత్తంగా రాయరు. ఎడమ, పైన, పై-కుడి పక్కవాళ్ల వెక్టర్లలో మధ్యదాన్ని తీసుకుని, దానికీ దీనికీ తేడా మాత్రమే రాస్తారు. ఫ్రేము మొత్తం ఒకే దిక్కుకి 23.5 జరిగితే అందరి వెక్టరూ ఒకటే, తేడా సున్నా, ఖర్చు దాదాపు సున్నా. 16 పరిధి కూడా అడ్డంకి కాదు. వెతుకులాటని సున్నా దగ్గర కాకుండా పక్కవాడి వెక్టర్ దగ్గర మొదలుపెడతారు. పైగా ఎక్స్264 సగం సైజు ఫ్రేముల మీద ముందే ఓసారి వెతికి పెట్టుకుంటుంది. ఒక్కడు దారి కనుక్కుంటే చాలు, మిగతావాళ్లు వెనకే నడుస్తారు.

పోలిక కూడా నిజాయితీగా లేదు. అన్ని చోట్లా వెతికే ఎన్‌కోడర్‌ని ఇవాళ దాదాపు ఎవరూ వాడరు. డైమండ్ ఆకారంలో నాలుగు అడుగులేసి దొరికినచోట ఆగిపోతారు. బ్లాకుకి 4,225 కాదు, ఇరవై ముప్పై పోలికలతో పని అవుతుంది. నా 25కీ దానికీ పెద్ద తేడా ఏముంది?

రెండు రోజులు ప్రాజెక్టు ఫోల్డర్ తెరవబుద్ధి కాలేదు.

మూడో రోజు డైమండ్ వెతుకులాటని కూడా నా ఎన్‌కోడర్‌లో పెట్టి, అది ఎక్కడ తప్పుతోందో బొమ్మ గీశా. తప్పులు ఒకచోట పోగయ్యాయి: నీళ్ల మీద, ఒకే కొలతతో వరసగా ఉన్న పొలాల మీద, మబ్బు అంచుల్లో. నీళ్ల మీద పట్టుకోడానికి ఏ గీతా లేదు కాబట్టి ఎన్‌కోడర్ నాయిస్ వెంట పడి తోచిన వెక్టర్ పట్టుకొస్తోంది. పొలాల్లో పక్క మడిని చూసి ఇదే అనుకుంటోంది. తప్పు వెక్టర్ పక్కవాళ్ల అంచనానీ చెడగొడుతుంది, ఆ తప్పు వరస చివరిదాకా పాకుతుంది. కక్ష్య నుంచి వచ్చిన వెక్టర్‌కి ఈ గందరగోళం ఏమీ లేదు. నీళ్లయినా నేలైనా అది ఒకే జవాబు చెప్తుంది.

ఇంకోటి. ప్రతి ఫ్రేములోనూ ముందు అంచున 24 వరసల పిక్సెళ్లు కొత్తగా వస్తాయి. వాటికి కిందటి ఫ్రేములో జోడీ ఉండదు, అయినా ఎన్‌కోడర్ వెతికి వెతికి ఓడిపోతుంది. ఏ వరసలు కొత్తవో నాకు ముందే తెలుసు, వెతక్కుండా నేరుగా ఇంట్రా (కిందటి ఫ్రేముతో పనిలేకుండా కుదించే పద్ధతి) వేసేస్తా. అన్నట్టు, 720ని 23.5తో భాగిస్తే ముప్పై చిల్లర. అంటే నేల మీద ఏ చోటైనా ఈ వీడియోలో 31 ఫ్రేముల్లో కనిపించి వెళ్లిపోతుంది. దీన్ని వీడియో అనాలో, ముప్పై ఒక్కసార్లు తీసిన ఒకే పొడవాటి ఫోటో అనాలో!

6వ వారం

మిత్రుడి మాటకి జవాబుగా ఈ వారం ఇంకో ప్రశ్న వేసుకున్నా. ఉపగ్రహం గురించి ఏది ఎంత కచ్చితంగా తెలిస్తే సరిపోతుంది? ఇక్కడే ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన సంగతి దొరికింది.

స్థానం గురించి నేను పడ్డ ఆందోళన అంతా దండగ. కక్ష్య మీద ఉపగ్రహం ఒక కిలోమీటరు ముందో వెనకో ఉందని పొరబడితే దాని వేగం దిశ తిరిగేది 0.008 డిగ్రీలు. కదలికలో ఏ తేడా రాదు. ఎత్తు ఒక కిలోమీటరు తప్పితే 500లో ఒక వంతు, అంటే 23.5 పిక్సెళ్లలో 0.05. ఎవరికైనా దొరికే టీఎల్‌ఈ (కక్ష్య వివరాలు చెప్పే అంకెలు) రెండు వరసలు తీసుకుని, వాటినుంచి ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే ఎస్‌జీపీ4 పద్ధతితో లెక్కేసుకుంటే చాలు. తమాషా ఏమిటంటే, నేను మొదట జీపీఎస్ ఇచ్చిన రెండు స్థానాల మధ్య తేడా తీసి కదలిక కనుక్కున్నా. ఒక్కో స్థానంలో 10 మీటర్ల తప్పుంటే తేడాలో 14 మీటర్లు, అంటే 0.7 పిక్సెల్. ఎక్కువ కచ్చితమైన పరికరం, ఎక్కువ తప్పు జవాబు.

కొండలూ అంతే. రెండు ఫ్రేముల మధ్య ఉపగ్రహం 508 మీటర్లు జరుగుతుంది. 1,000 మీటర్ల కొండ దాని వల్ల అదనంగా జరిగేది ఒక మీటరు, 0.05 పిక్సెల్. 8,000 మీటర్ల శిఖరమైనా 0.4. భూమి గుండ్రం కూడా పట్టించుకోనక్కర్లేదు. 25.6 కి.మీ. వెడల్పు ఫ్రేములో అంచు, మధ్య కంటే 13 మీటర్లే పల్లం. చదునైన నేల అనుకుని ఒక్క హోమోగ్రఫీ మ్యాట్రిక్స్ (చదును బొమ్మని ఇంకో కోణంలోంచి చూసినట్టు వంచే అంకెల పట్టిక) రాస్తే సరిపోయింది. 10 కి.మీ. ఎత్తులోని మబ్బులు మాత్రం అర పిక్సెల్ తేడాతో నేల మీద జారుతూ కనిపిస్తాయి. వాటికోసమే ఆ చిన్న తడుములాట ఉంచుకున్నా.

మరి అసలు ఇబ్బంది ఎక్కడ? తిరగడంలో. 500 కి.మీ. దూరం నుంచి 20 మీటర్ల పిక్సెల్ అంటే 8.25 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). ఉపగ్రహం సెకనుకు 0.1 డిగ్రీ ఊగుతుంటే ఒక్క ఫ్రేము వ్యవధిలో 24 ఆర్క్‌సెకన్లు, దాదాపు 3 పిక్సెళ్లు. అయస్కాంత తీగచుట్టలతోనే నిలదొక్కుకునే బుల్లి ఉపగ్రహాలకి ఆమాత్రం ఊగడం లెక్కలోది కాదు. నక్షత్రాల్ని చూసి ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో చెప్పే స్టార్ ట్రాకర్ రీడింగుల తేడా తీస్తే జీపీఎస్ కథే మళ్లీ: ఒక్కోదానిలో 10 ఆర్క్‌సెకన్ల నాయిస్ ఉంటే తేడాలో 1.7 పిక్సెళ్లు. ఇంత తక్కువ వ్యవధికి, తిరిగే వేగాన్ని నేరుగా కొలిచే గైరోయే దిక్కు. అందులో సెకనుకు 0.01 డిగ్రీ తప్పున్నా 0.3 పిక్సెల్‌తో పోతుంది.

ఈ పనికి కక్ష్య ఇంజనీర్ కావాలనుకున్నా, కావాల్సింది గైరో ఇంజనీర్.

7, 8 వారాలు

నిటారుగా చూడ్డం మానేసి, ఒకే చోటుని గుడ్లప్పగించి చూసే పద్ధతికి మారా. 2013 నవంబర్‌లో ఎగిరిన స్కైశాట్-1 ఇలాగే ఒక చోటు మీద చూపు నిలిపి 90 సెకన్ల వరకూ వీడియో తీసేది. తల మీదుగా వెళ్లేటప్పుడు ఉపగ్రహం సెకనుకు దాదాపు 0.87 డిగ్రీ తిరగాలి. ఇక్కడ 23.5 పిక్సెళ్ల పరుగు లేదు. కానీ చిత్రం మెల్లగా తిరుగుతుంది, ఒక పక్క సాగుతుంది, ఇంకో పక్క కుదించుకుంటుంది. బ్లాకుకి ఒక వెక్టర్ అన్న పద్ధతి ఇక్కడే తడబడుతుంది. కిందటి ఫ్రేముని మొత్తంగా హోమోగ్రఫీతో వంచి, ఆ వంచినదాన్ని రిఫరెన్స్‌గా, అంటే పోల్చుకునే ఫ్రేముగా, వాడితే ఈసారి బిట్లలోనే లాభం కనిపించింది. ముఖ్యంగా చాలా ఫ్రేముల వెనకటి రిఫరెన్స్ వాడినప్పుడు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఎంపెగ్-4 వీడియో ప్రమాణం రెండో భాగంలో గ్లోబల్ మోషన్ కాంపెన్సేషన్ (ఫ్రేము మొత్తం కదలికని ఒకేసారి లెక్కలోకి తీసుకోవడం) ఉండేది. 2018లో వచ్చిన ఏవీ1 కోడెక్‌లో, ఫ్రేము మొదట్లో వివరాలు రాసే హెడర్‌లోనే గ్లోబల్ మోషన్ ఉంది. వాళ్లు ఆ సంఖ్యల్ని చిత్రంలోంచి వెతికి తీస్తారు, నాకవి వెతక్కుండా వస్తాయి. అంతే తేడా.

ఎన్‌కోడర్‌ని చిన్న ఆర్మ్ బోర్డులో, డీకోడర్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టి నడిపా. మొదటి రెండు సెకన్లు శుభ్రంగా ఉంది. తర్వాత రోడ్ల అంచుల్లో బూడిదరంగు మరకలు మొదలై, పదో సెకనుకి చిత్రం తడిసిన గోడలా తయారైంది. వంచే లెక్క ఫ్లోటింగ్ పాయింట్‌లో రాశా. రెండు ప్రాసెసర్లూ చివరి అంకె దగ్గర వేర్వేరుగా రౌండ్ చేస్తున్నాయి. అక్కడక్కడ ఒక్క పిక్సెల్ విలువ ఒకటి తేడా వస్తుంది, తర్వాతి ఫ్రేము ఆ తేడా మీదే కడుతుంది, అలా పేరుకుపోతుంది. నిటారు వీడియోలో ఇది ఎందుకు కనబడలేదంటే, అక్కడ ముప్పై ఒక్క ఫ్రేములకి నేలంతా కొత్తదైపోతుంది, తప్పు ఫ్రేము దాటి వెళ్లిపోతుంది.

వంచడం మొత్తాన్ని పూర్ణసంఖ్యల్లో తిరగరాశా. మ్యాట్రిక్స్‌లోని 8 సంఖ్యలు, ఒక్కోటి 32 బిట్లు, ఫ్రేముకి 32 బైట్లు హెడర్‌లో పోతాయి. గైరో లాగ్ ఎలాగూ టెలిమెట్రీలో (ఉపగ్రహం తన స్థితి గురించి నేలకి పంపే సమాచారంలో) కిందికొస్తుంది కదా, దాన్నుంచే డీకోడర్ లెక్కేసుకుంటే ఆ 32 బైట్లూ మిగులుతాయన్న కక్కుర్తి ఆలోచన వచ్చింది. ఒక్క టెలిమెట్రీ ప్యాకెట్ పోయినా వీడియో పోతుందని వెంటనే మానేశా.

9, 10 వారాలు

సిమ్యులేషన్ మీద నమ్మకం కుదరాలంటే చేత్తో పట్టుకునేది ఏదో ఒకటి ఉండాలి. సెంటినెల్ చిత్రాన్ని పొడవాటి కాగితం మీద ప్రింట్ తీసి, స్టెప్పర్ మోటార్‌తో కెమెరా కిందుగా లాగించా. కెమెరాకి చిన్న గైరో అతికించా. లెన్స్ 60 డిగ్రీలు చూస్తుంది కాబట్టి ఇక్కడ పిక్సెల్ అంటే 170 ఆర్క్‌సెకన్లు, ఉపగ్రహం మీదకంటే ఇరవై రెట్లు మొరటు. గైరో కచ్చితత్వానికి ఇది పరీక్షే కాదు. టైమింగ్‌కి మాత్రం గట్టి పరీక్ష.

బల్ల అంచుని వేలితో తట్టా. కెమెరా స్టాండ్ సెకనుకు 8 సార్లు ఊగి ఆగింది. గైరో దిద్దుబాటు వేసిన అంచనా, వేయనిదానికంటే అధ్వాన్నంగా ఉంది. గుర్తు తిరగబడిందేమోనని ప్లస్‌ని మైనస్ చేస్తే కాస్త మారింది, కుదరలేదు. చిత్రంలోంచి కొలిచిన ఊపునీ గైరో ఊపునీ ఒకే గ్రాఫ్‌లో గీస్తే రెండు అలలూ ఒకే ఆకారం, ఒకటి 31 మిల్లీసెకన్లు వెనక. తప్పు నాదే. ఫ్రేము నా ప్రోగ్రాం చేతికొచ్చిన క్షణాన్ని ఫ్రేము సమయంగా రాసుకున్నా. షట్టర్ తెరుచుకున్నది అంతకు చాలా ముందు.

కాగితం మీద లెక్కేస్తే సరిగ్గా సరిపోయింది. ఆలస్యం ఊపు కాలంలో ఆరో వంతు దాటితే దిద్దుబాటు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. సెకనుకు 8 ఊపులంటే ఒక్కోటి 125 మిల్లీసెకన్లు, ఆరో వంతు 21. నాది 31. ఆ ఆలస్యంతో మిగిలే తప్పు, అసలు దిద్దకుండా వదిలేస్తే ఉండేదానికంటే 40 శాతం ఎక్కువ. కక్ష్య కదలిక ఒకే వేగంతో సాగుతుంది కాబట్టి అక్కడ ఈ ఆలస్యం ఎప్పటికీ బయటపడదు, ఊగినప్పుడే పట్టిస్తుంది.

31 తీసేశాక వెక్టర్లు ఫ్రేము మధ్యలో పావు పిక్సెల్ లోపు కూర్చున్నాయి. పై వరసల్లో, కింది వరసల్లో మాత్రం ఇంకా అటొకటి ఇటొకటి ఒరుగుతున్నాయి. నా సెన్సర్ వరస తర్వాత వరస చదువుతుంది, పై వరస చూసిన క్షణానికీ కింది వరస చూసిన క్షణానికీ మధ్య స్టాండ్ కొంత ఊగేస్తోంది. కాబట్టి వచ్చే వారం ఫ్రేముకి ఒక మ్యాట్రిక్స్ కాదు, 45 బ్లాకు వరసలకి 45 మ్యాట్రిక్సులు. వెతుకులాటకి సూచనగా వాడుకునేంత వరకూ వీటిని హెడర్‌లో పంపక్కర్లేదు, బోర్డులోనే ఉంటాయి. ముందు సెన్సర్ ఒక వరస చదవడానికి ఎంత సమయం తీసుకుంటోందో కొలవాలి, దానికి ఒక ఎల్‌ఈడీని వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఫ్రేములో పడే చారలు లెక్కపెట్టబోతున్నా.